చల్లారని విభూది

ఇంతవరకు కథ ఒక కాలిన బీరువా చుట్టూ తిరిగింది. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సు కాలం, నుదుట బూడిద పెట్టుకునే విభూది బుధవారంతో మొదలవుతుంది. ఆ బుధవారానికి ముందురోజు సాయంత్రం, నిరుడు మట్టల ఆదివారం నాడు ఇళ్ళకు తీసుకెళ్ళిన మట్టలన్నీ తిరిగి పోగుచేసి, గుడి వెనక పెరట్లో కాల్చారు. ఆ బూడిదను రేకు డబ్బాకెత్తారు. డబ్బా ఇంకా చల్లారకముందే ఎవరో దాన్ని పూజ సామాన్ల గదిలోకి పట్టుకెళ్ళి, బీరువాలో పెట్టి తలుపు మూశారు. బూడిద అడుగున నిప్పు ఉంది. తెల్లారేసరికి బీరువా లేదు, ఫాదర్ గారి పూజ వస్త్రాలూ లేవు. నుదుట పెట్టుకోవడానికి మాత్రం బూడిద కావలసినంత మిగిలింది.

నింద గుడి పనివాడి మీద పడింది. గంట కొట్టేదీ, మట్టలు కాల్చేదీ అతనే. డబ్బా బయట మెట్టు మీద చల్లారబెట్టి క్షవరానికి వెళ్ళాననీ, తిరిగొచ్చి చూస్తే అది అక్కడ లేదనీ, ఫాదర్ గారే తీయించి ఉంటారనుకున్నాననీ అతను చెప్పుకున్నాడు. నమ్మినవాళ్ళు తక్కువ. రేపు ఆదివారం, పూజ అయ్యాక కమిటీ కూర్చుంటుంది. పనిలోంచి తీసేస్తే గుడి పక్కనున్న గది ఖాళీ చేయాలి. అతని భార్యకు నెలలు నిండాయి.

అతని అక్క, సెలూన్ వెనక ఇంట్లో బట్టలు కుడుతుంది. సెలూన్ ఆమె భర్తదే. ఆయన్ని వీధిలో అందరూ రేడియో అంటారు. పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి మూసేదాకా వాగుతూనే ఉండేవాడు. అలాంటివాడు విభూది బుధవారం నాడు ఒక అట్టముక్క మీద "ఈస్టర్ వరకు మౌనం" అని రాసి అద్దానికి తగిలించాడు. ఆ రోజు నుంచి ఒక్క మాట లేదు. తమ్ముడు క్షవరానికి వచ్చింది ఆయన దగ్గరికే. సాక్ష్యం చెప్పగలిగింది ఆయన ఒక్కడే. శనివారం మధ్యాహ్నం ఆమె ఓపిక పూర్తిగా అయిపోయింది. చేతిలో పని పక్కన పడేసి, మధ్య తలుపు తెర తోసుకుని సెలూన్లోకి వచ్చింది.

కుర్చీలో రిటైరైన పోస్టుమాస్టరు ఉన్నాడు. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప నిండా నురగ. గోడవార బల్ల మీద కూరల కొట్టతను పాత పేపరు తిరగేస్తున్నాడు. చదవడానికి కాదు. రేడియో మూగబోయాక అక్కడ కూర్చున్నవాళ్ళకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. కత్తెర చప్పుడు అంత గట్టిగా ఉంటుందని అంతకు ముందు ఎవరికీ తెలియదు.

"మీసం జోలికి రాకు నాయనా," అంటున్నాడు పోస్టుమాస్టరు. "పోయినసారి చెప్పకుండానే చివర్లు కొట్టేశావు. ఇంటికెళ్తే మా ఆవిడ ఎవరు కావాలండీ అంది."

రేడియో తల ఊపాడు.

అది ఆమె కంట పడింది.

"ఆహా! మెడ కదులుతోందే!" అంది. "నోటికి వ్రతం పట్టారు, బాగుంది. మెడకి పట్టలేదన్నమాట. పోస్టుమాస్టరు గారి మీసానికి ఊపిన తల నా తమ్ముడికి కూడా కాస్త ఊపండి. అడుగుతున్నా, వినండి. ఆ సాయంత్రం వాడు మీ దగ్గరికి వచ్చాడా లేదా?"

రేడియో భార్య వంక చూశాడు. నిలువుగా తల ఊపాడు.

"వచ్చినప్పుడు వాడి చేతిలో డబ్బా ఉందా?"

అడ్డంగా ఊపాడు.

"మరి డబ్బా మెట్టు మీదే ఉందా?"

రేడియో వెనక్కి తిరిగి కత్తిలో బ్లేడు మార్చడం మొదలుపెట్టాడు. ఉన్న బ్లేడు కొత్తదే. పోస్టుమాస్టరు ముఖానికి అప్పుడే వేసినది.

"చూశారా!" అంది ఆమె, మిగిలిన ఇద్దరితో. "ఇదీ వరస. రెండు అడిగితే రెండూ చెప్తాడు. అసలుది అడిగితే బ్లేడు మారుస్తాడు. నిన్న అన్నం దగ్గర అడిగితే నీళ్ళకి లేచాడు. మొన్న అడిగితే మేకు కొట్టడానికి సుత్తి వెతికాడు. ఆ మేకు ఎక్కడ కొట్టాలో ఇంతవరకు తెలీదు, అది పట్టుకుని ఇల్లంతా తిరిగాడు."

"వదిలెయ్ అక్కా," అన్నాడు కూరల కొట్టతను. "వ్రతం మధ్యలో చెడగొట్టకూడదు. నేనూ టీలో చక్కెర మానేశాను కదా. ఎంత కష్టమో నీకు తెలీదు."

"ఎందుకు తెలీదు? రోజూ చెప్తున్నావుగా."

"మనమే నయమమ్మా," అన్నాడు పోస్టుమాస్టరు. "కమిటీ కార్యదర్శి సిగరెట్లు మానాడు. నిన్న దారిలో నేను దగ్గితే మీద పడి కొట్టినంత పని చేశాడు. మానింది ఆయన, ప్రాయశ్చిత్తం వీధి మొత్తానిది."

"రేపు తీర్పు చెప్పేది కూడా ఆయనే కదా బాబాయ్ గారూ. నా తమ్ముణ్ణి సిగరెట్టు అనుకుని కాలికింద వేసి నలిపేస్తాడు." ఆమె గొంతు మారింది. "మీరిద్దరూ కాసేపు టీ కొట్టు దగ్గర కూర్చోండి. నేను ఈయనతో మాట్లాడాలి."

"ఒక చెంపతోనా?" అన్నాడు పోస్టుమాస్టరు.

"ఆ చెంపే వీధి వైపు పెట్టుకోండి."

పోస్టుమాస్టరు మెడలో తువ్వాలుతోనే లేచాడు. కూరల కొట్టతను పేపరు మడిచి వెంట నడిచాడు. చక్కెర లేని టీ ఎలా ఉంటుందో ఆయనకు దారిలోనే చెప్పడం మొదలుపెట్టాడు.

సెలూన్లో ఇద్దరే మిగిలారు. ఆమె భర్త దగ్గరగా వచ్చింది.

"పొద్దున గుడి దగ్గరికెళ్ళాను," అంది, గొంతు తగ్గించి. "మరదలు గిన్నెలు సర్దుతోంది. వంగలేకపోతోంది. కింది అరలో ఉన్నవి కాలితో ముందుకి తోసి, గోడ పట్టుకుని కూర్చుని, ఒక్కోటి తీస్తోంది. ఎక్కడికెళ్తారే అంటే, ఎక్కడికో ఒదినా అని నవ్వింది. ఆ నవ్వు చూసి కూడా నేను మీకు అన్నం పెట్టాను ఇవాళ. ఆకలేస్తే కంచం మీద గరిటె కొట్టి పిలుస్తారు, దానికి సిగ్గు లేదు. నా తమ్ముడి కోసం ఒక్క మాట అనడానికి మాత్రం దేవుడు అడ్డొచ్చాడు."

రేడియో కళ్ళు దించుకున్నాడు. చేతిలో బ్రష్ ఉంది. దాని నురగ నేల మీద పడుతోంది. ఎప్పుడూ చుక్క నీరు కింద పడనివ్వని మనిషి. దాన్ని చూడలేదు.

"నేను అందరికీ ఏం చెప్పానో తెలుసా? మా ఆయనకి ఈ ఏడాది భక్తి కుదిరింది, పోనీలే అని చెప్పాను. బడాయికి పోయాను. నిజానికి నాకు హాయిగా కూడా ఉంది, మొదటి రెండు రోజులు."

ఆయన పెదవి కొస కదిలింది. నవ్వో, ఇంకొకటో. మళ్ళీ అణిగిపోయింది.

ఆమెకు కాళ్ళు పీకాయి. పొద్దుటి నుంచి మిషన్ తొక్కిన కాళ్ళు. ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడింది. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ కుర్చీ తుడుస్తూనే ఉంది గాని ఎప్పుడూ కూర్చోలేదు. చేతులు రెండు పక్కలా వేసి తల ఎత్తింది.

అద్దంలో తను కనబడింది. మెడలో టేపు, చెదిరిన జుట్టు. తన వెనక తెరిచిన షట్టరు, దాని వెనక సందు. సందుకు అవతల గుడి వెనక గేటు, గేటు లోపల మెట్టు. మెట్టు మీద ఒక పిల్లి కూర్చుని కాలు నాక్కుంటోంది. ముందు కాలో వెనక కాలో కూడా తెలుస్తోంది.

ఆమె నిటారుగా కూర్చుంది.

"ఇక్కడి నుంచి కనబడుతుందా!"

వెనక ఆయన అడుగు వెనక్కి వేసిన చప్పుడైంది.

"వాడు ఇదే కుర్చీలో కదా కూర్చున్నాడు. మరి వాడికెందుకు కనబడలేదు?" అంది, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. తల ముందుకు వంచి చూసింది. ఒడి తప్ప ఏమీ కనబడలేదు. "మెడ మీద కత్తి పెట్టినప్పుడు తల వంచమంటారు మీరు. వాడు వంచాడు. మీరు వంచలేదు. నిలబడి ఉన్నారు. అద్దం వైపే చూస్తున్నారు."

అద్దంలో ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఆయనే ముందు తప్పుకున్నాడు.

"మీరు చూశారు."

ఆయన బ్రష్ అద్దం కింద పెట్టాడు.

"డబ్బా లోపలికి ఎవరు తీసుకెళ్ళారో మీరు కళ్ళారా చూశారు. చూసి, అద్దానికి అట్టముక్క తగిలించి, భక్తుడిలాగా తిరుగుతున్నారు. ఎవరు? కార్యదర్శా?"

అడ్డంగా తల ఊపాడు.

"ఫాదర్ గారా? ఫాదర్ గారైతే చెప్పడానికి భయమేస్తోందా?"

అడ్డంగా.

"మరి ఎవరండీ! ఆడమనిషా, మగమనిషా?"

ఆయన బల్ల మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి కూరల కొట్టతను వదిలేసిన చోట ముడుచుకుని కూర్చుంటే ఆమెకు జాలి వేయలేదు. ఇంకా మండింది.

"సరే. నా మాట అంటే మీకు లెక్క లేదు. అత్తయ్యని పిలుస్తాను. ఆవిడ ఒక్క కేక వేస్తే మీ వ్రతం గిత్రం అన్నీ..."

రేడియో దిగ్గున లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. ఆయన ఎన్నడూ అలా పట్టుకోలేదు.

"చెయ్యి వదలరా," అంది వెనక నుంచి ఒక గొంతు. "పిలవక్కర్లేదు. వచ్చాను."

అత్తగారు తెర పట్టుకుని నిలబడి ఉంది. వీధిలో ఆవిడని పెద్దమ్మ అంటారు. శుక్రవారం శుక్రవారం గుడిలో సిలువమార్గం ప్రార్థన నడిపించేది ఆవిడే. ఆవిడ ముందు నడిస్తే వెనక ఆడవాళ్ళందరూ మోకరిస్తారు, ఆవిడ లేస్తే లేస్తారు. ఉపవాసంతో మనిషి సగమైంది. జపమాల మణికట్టుకి రెండు చుట్లు తిరిగేది, ఇప్పుడు మూడు చుట్లు తిరిగింది.

"డబ్బా లోపల పెట్టింది నేను," అంది.

కోడలు చెయ్యి విడిపించుకుని ఆవిడ వైపు తిరిగింది.

"మీరా?"

"నేనే. నీ తమ్ముడు దాన్ని మెట్టు మీద పారేసి పోయాడు. గుడి బూడిదది. నుదుట పెట్టుకునేది. కుక్కలు తిరిగే చోట పెడతారా ఎవరైనా? పువ్వులు మార్చడానికి వెళ్ళాను, చూశాను. తీసి బీరువాలో పెట్టాను. అందులో తప్పేముంది?"

"వేడిగా లేదా అత్తయ్యా?"

"వెచ్చగా ఉంది. ఎండకి అనుకున్నా."

"పొద్దుగూకాక ఎండా?"

పెద్దమ్మ జపమాల సర్దుకుంది.

"మర్నాడు గుళ్ళో అందరి ముందూ నా తమ్ముణ్ణి తిట్టింది మీరు కదా! ఇలాంటి నిర్లక్ష్యపు మనిషిని గుడి గడప ఎక్కనివ్వకూడదని అన్నారు. కమిటీ కూర్చోవాలని మొదట అన్నదీ మీరే."

"అప్పటికి నాకు తెలీదు. ఏదో కొవ్వొత్తి ఆర్పకుండా పోయాడనుకున్నా. డబ్బాలోంచి అంటుకుందని తర్వాత కదా తేలింది. ఇంటికొచ్చాక వీడు చెప్పాడు, చూశానని."

"తెలిశాక అయినా చెప్పాలిగా?"

"చెప్తాను. ఈస్టర్ కానీ, చెప్తాను."

"ఈస్టర్‌కీ దీనికీ ఏం సంబంధం?"

"సిలువమార్గం ఎవరు నడిపిస్తారే?" పెద్దమ్మ గొంతు మొదటిసారి లేచింది. "అంతమందిని నోటికొచ్చినట్టు అన్నాక, అదే మనుషుల ముందు నిలబడి, అది నా పనే అని ఎలా చెప్పను? ఈ కాలం గడవనీ. నేనేం ఊరికే కూర్చోలేదు. ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నా. ఒక పూటే తింటున్నా. ఉప్పు ముట్టలేదు. నేల మీద పడుకుంటున్నా. నీకు కనబడటం లేదా?"

"కనబడకేం? ఆ ఉప్పు లేనిది వేరేగా వండుతున్నది నేనే." ఆమె ఒక్కో మాటా ఆగి ఆగి అంది. "ఉప్పు మానేశారు. మంచం మానేశారు. ఎంత నిష్ఠ అని నేను మీ కాళ్ళు కూడా పట్టాను పడుకునే ముందు. అన్నీ మానగలిగారు అత్తయ్యా. ఆ ఒక్క మాట చెప్పడానికి మాత్రం మీకు చేతకాలేదు. మీ కడుపు మాడితే నా మరదలికి ఇల్లు నిలబడుతుందా?"

పెద్దమ్మ తెర అంచుని వేళ్ళతో నలిపింది.

"మరి ఈయనేమిటి మధ్యలో?"

"వాడి నోట్లో మాట నిలవదని నీకు తెలుసు. నా మీద ఒట్టు వేయించుకున్నా."

ఆమె భర్త వైపు తిరిగింది. అప్పుడు చిక్కుముడి విడిపోయింది. ఆయనకు ఒక్క వార్త ఆపడం చేతకాదు. వాన గురించి మొదలుపెడితే గుడి దగ్గరికి వస్తాడు, గుడి దగ్గరికి వస్తే బీరువా దగ్గరికి వస్తాడు. అందుకని మొత్తం స్టేషనే కట్టేశాడు.

"దేవుడికి మొక్కారనుకున్నాను," అంది. "మీ అమ్మకి మొక్కారా?"

రేడియో గోడ వైపు చూశాడు.

"వాణ్ణి ఏమీ అనకు," అంది పెద్దమ్మ. "నీ తమ్ముడు రోడ్డున పడేదాకా నేను చూస్తూ ఊరుకుంటాననుకున్నావా? నిన్న సాయంత్రం వాడి దగ్గరికెళ్ళాను. ఏం చేస్తే గట్టెక్కుతాడో చెప్పొచ్చాను."

"ఏం చెప్పారు?"

"మంచి మాటే చెప్పాను."

"అదేమిటో చెప్పండి."

షట్టరు దగ్గర నీడ పడింది. ఫాదర్ గారు తల వంచుకుని లోపలికి వచ్చారు. పొడుగు మనిషి. ఏ గడప దగ్గరైనా ముందు తల వంచడం ఆయనకు అలవాటు.

"బయట ఒకాయన సగం గడ్డంతో టీ తాగుతున్నారు," అన్నారు నవ్వుతూ. "అది కూడా ప్రాయశ్చిత్తమేనా?"

ఎవరూ నవ్వలేదు. ఫాదర్ గారు ఒకసారి ముగ్గురినీ చూశారు. ఇంటి గొడవ మధ్యలో వచ్చానని అర్థమైనట్టుంది.

"అంగీ అయిందేమో చూద్దామని వచ్చానమ్మా. కాకపోతే తర్వాత వస్తాను."

"అంచు కొలత చూడాలి ఫాదర్. రండి," అంది ఆమె. ఇంకేం అనాలో తోచలేదు.

ఊదారంగు పూజ వస్త్రం బీరువాతోపాటే పోయింది. పక్క విచారణ గుడి నుంచి ఒకటి అరువు తెచ్చారు. అక్కడి ఫాదర్ పొట్టి. దాన్ని తొడుక్కుని ఈయన పీఠం ఎక్కితే మోకాళ్ళ కింద నుంచి ప్యాంటు కనబడుతోంది. పోయిన ఆదివారం పిల్లలు ప్రార్థన మధ్యలో కిసుక్కుమన్నారు. కింద ఒక పట్టీ అతికి పొడుగు పెంచే పని ఆమెకు అప్పగించారు. అదే రంగు గుడ్డ కోసం ఆమె బజారంతా తిరిగింది.

అంగీ లోపలి నుంచి తెచ్చింది. ఫాదర్ గారు దాన్ని తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, పట్టీ ఒక్కో చోటే పట్టి గుచ్చసాగింది. పట్టీ వంకర పోయింది. తీసి మళ్ళీ గుచ్చింది.

"నీకొక సంగతి చెప్పాలి," అన్నారు ఫాదర్ గారు. "సంతోషపడతావో బాధపడతావో నాకే తెలియడం లేదు. రేపు కమిటీలో గొడవేమీ ఉండదు. మీ తమ్ముడు పొద్దున వచ్చి కార్యదర్శి ముందే ఒప్పుకున్నాడు. డబ్బా తనే లోపల పెట్టాడట."

సూది ఆమె వేలిలో దిగింది.

"ఒప్పుకున్నాడు కాబట్టి కాన్పు అయ్యేదాకా గదిలో ఉండనిద్దామన్నారు. ఆ తర్వాత వేరే మనిషిని చూసుకుంటాం. ఇంతకన్నా ఎక్కువ నేనూ అడగలేకపోయానమ్మా. మొదట్లోనే ఒప్పుకుని ఉంటే బాగుండేది." ఆయన తెర వైపు తిరిగారు. "వాడికి నచ్చజెప్పింది పెద్దమ్మేనని చెప్పాడు. మంచి పని చేశారు పెద్దమ్మా."

పెద్దమ్మ తల ఎత్తలేదు. పెదవులు కదులుతున్నాయి. జపం చేస్తోందో, ఊరికే కదులుతున్నాయో తెలియదు.

ఆమె నోట్లో సూదులున్నాయి. అరవాలనుంది. చేతిలో ఫాదర్ గారి అంగీ అంచు ఉంది, దాని మీద తన వేలి రక్తం అంటకుండా దూరంగా పట్టుకుంది. తమ్ముడి మొహం కళ్ళ ముందు మెదిలింది. చేయని పని చేశానని చెప్పడానికి వాడు ఎంతసేపు గుడి బయట నిలబడ్డాడో.

"ఫాదర్."

గొంతు బొంగురుగా ఉంది. ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. ఫాదర్ గారు గిర్రున తిరిగారు. పట్టీ సూదులతో సహా ఊడి వేలాడింది.

"రేడియో!" అన్నారు. "వ్రతం?"

"అయిపోయింది ఫాదర్." ఆయన గొంతు సవరించుకున్నాడు. "డబ్బా పెట్టింది వాడు కాదు."

ఆమె ఇన్ని రోజులు ఏ మాట కోసం ఎదురుచూసిందో అది వస్తోంది. తెర దగ్గర పెద్దమ్మ కళ్ళు మూసుకుంది.

"మరి ఎవరు?"

రేడియో తల్లిని చూశాడు. భార్యను చూశాడు. అద్దం కింది బ్రష్ తీసి గిన్నెలో పెట్టాడు.

"నేను ఫాదర్," అన్నాడు.

ఆమెకు ఆ బ్రష్ తీసుకుని భర్త మొహాన కొట్టాలనిపించింది. రోజుల తరబడి బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది, ఆ నోరు తెరవమని. తెరిచాడు. అబద్ధానికి తెరిచాడు.

ఫాదర్ గారు ఊడిన పట్టీ చేత్తో ఎత్తి పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

"నేను ఈ పనిలో చేరిన దగ్గర్నుంచి, చేసిన తప్పు ఒప్పించడానికే అవస్థ పడుతున్నాను," అన్నారు. ఆయన ముఖంలో నవ్వు లేదు. "చేయని తప్పుకి వరసలో నిలబడటం ఇప్పుడే చూస్తున్నా. పొద్దున ఒకడు. మధ్యాహ్నం ఒకడు. ఒకే డబ్బాని ఇద్దరూ మోశారా? ఆ సాయంత్రం వాడు నీ దగ్గర క్షవరం చేయించుకుంటుంటే నువ్వెలా వెళ్ళావు? సగం గొరిగిన తలతో వాణ్ణి వదిలేసి వెళ్ళావా?"

"వెళ్ళాను," అన్నాడు రేడియో.

"ఎందుకు?"

అబద్ధం ఆయనకు అలవాటు లేదు. వాగుడే అలవాటు. రెండూ ఒకటి కావు.

ఫాదర్ గారు ఆమె వైపు వంగారు. "నువ్వు చెప్పమ్మా. నీ తమ్ముడా? నీ భర్తా?"

ఆమె సూదులు నోట్లోంచి తీసి అరచేతిలో పోసుకుంది.

"ఇద్దరూ కాదు ఫాదర్."

"మరి?"

"నేను చెప్తాను," అంది పెద్దమ్మ.

తెర వదిలి ముందుకు వచ్చింది. నడక తూలుతోంది గాని మెడ నిటారుగానే ఉంది. కోడలి గుండె నెమ్మదించింది. ఎంత మొండిదైనా అత్తయ్య మనిషే. కొడుకు నోట అబద్ధం విన్నాక తట్టుకోలేకపోయింది. చెప్తుంది.

"ఇక్కడ కాదు ఫాదర్," అంది పెద్దమ్మ. "గుడికి పదండి. నా పాపసంకీర్తనం వినండి. అక్కడ చెప్తాను."

ఫాదర్ గారు వెంటనే లేచారు. తపస్సు కాలంలో ఒక మనిషి పాపం ఒప్పుకుంటానంటే ఏ ఫాదరూ ఆగడు. అంగీ విప్పి కుర్చీ మీద వేసి, పాపసంకీర్తనం వినేటప్పుడు వేసుకునే ఊదారంగు మెడపట్టీని మడతతోనే జేబులోంచి తీశారు. దానికి ముద్దు పెట్టి మెడలో వేసుకోబోయారు.

అప్పుడు ఆమెకు తట్టింది.

పాపసంకీర్తనంలో విన్నది ఫాదర్ గారు ఇంకెవరితోనూ అనకూడదు. కమిటీతోనైనా సరే. ప్రాణం మీదికి వచ్చినా సరే. చిన్నప్పుడే నేర్పిన సంగతి. రేపు కార్యదర్శి తమ్ముడి మీద తీర్పు చదువుతుంటే, ఫాదర్ గారికి అంతా తెలిసి ఉంటుంది. పక్కనే కూర్చుని ఉంటారు. తల కూడా ఊపలేరు. తను లేచి చెప్తే, తమ్ముడి కోసం అత్త మీద వేసిందంటారు. భర్త మాట విలువ ఇప్పుడే పోయింది. మిగిలింది అత్తయ్య నోరొక్కటే. అది ఇప్పుడు ఫాదర్ గారి చెవిలో పడితే, దాని మీద తాళం పడుతుంది. ఇప్పటిదాకా ఈ ఇంట్లో ఒక్క మనిషే మూగవాడు. ఇక గుడిలో కూడా ఒకరు.

అత్తయ్య అది తెలిసే అడిగిందా, తెలియక అడిగిందా? ఆవిడ మొహం చూస్తే ఏమీ తెలియలేదు. ఆ కళ్ళలో నీళ్ళు మాత్రం నిజమైనవే.

పెద్దమ్మ గడప దిగబోతోంది. ఫాదర్ గారు ఆవిడ మోచెయ్యి పట్టుకున్నారు.

ఆమె చేతిలోని సూదులు చెల్లాచెదురుగా పడ్డాయి. పరుగున వెళ్ళి షట్టరు కింద రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడింది. టీ కొట్టు దగ్గర పోస్టుమాస్టరు గ్లాసు దించి చూస్తున్నాడు.

"వద్దు ఫాదర్," అంది. "మీ కాళ్ళు పట్టుకుంటాను. అత్తయ్య పాపం మీరు వినొద్దు."